నలుగురి పాసు

ఆ వేసవిలో మా వదినను సెలవులకు మాతో తీసుకెళ్లింది ప్రేమతో కాదు. ముగ్గురికి విడివిడిగా టికెట్లు కొనడం కంటే నలుగురికి కలిపి పాసు కొంటే చవక అని తేలింది. నాలుగో మనిషి కావలసి వచ్చింది. అంతే.

తేల్చింది మా ఆయన. ఆయన టైల్స్ గోడౌన్‌లో స్టాకు చూస్తాడు. పెట్టె మూత తీయకుండా, ఒకసారి అటూ ఇటూ ఊపి, లోపల ఎన్ని పలకలు పగిలాయో చెప్పగలడు. వేసవి మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాల బల్ల మీద రైల్వే వాళ్ల రంగు కాగితాలు పరిచి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇటు చూడు. టికెట్లయితే పదకొండు ఊళ్లకి పదకొండు సార్లు క్యూలో నిలబడాలి. పాసయితే పద్నాలుగు రోజులు ఏ రైలైనా ఎక్కు, ఎక్కడైనా దిగు. అడిగే నాథుడు ఉండడు."

"అయితే పాసే తీసుకోండి."

"అక్కడే ఉంది మెలిక. పాసు నలుగురికే ఇస్తారు. ప్రతి రైల్లోనూ నలుగురూ కలిసే ఉండాలి. ఒక్కరు తగ్గినా చెల్లదు, మిగతా ముగ్గురికీ జరిమానా. అయినా సరే, ముగ్గురి టికెట్ల కంటే మూడోవంతు తక్కువ."

"మనం ముగ్గురమే కదా."

ఆయన పెన్సిలు తీసి వెనక గది వైపు చూపించాడు. ఆ గదిలో మా వదిన, అంటే ఆయన అక్క, ఉండేది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఆ ఆదివారం కూడా డ్యూటీలోనే ఉంది.

"మీ అక్కా? పద్నాలుగు రోజులా?"

"నలుగురితో నారాయణా అన్నారు పెద్దలు."

"నారాయణ సంగతి సరే. అక్కడికెళ్లాక ఆవిడని ఏం చేస్తాం? పది అడుగులు వేస్తే పదకొండో అడుగుకి కూలబడుతుంది."

"నాలుగో మనిషి నడవక్కర్లేదు. సీట్లో కూర్చుంటే చాలు," అన్నాడాయన, నవ్వుతూనే.

మా పెళ్లయి పదేళ్లు. పదేళ్లలో మేమిద్దరం మాత్రమే ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. వదిన చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే పోట్లాడి ఊరుకునేదాన్ని. తలుపు కొట్టకుండా వచ్చేది. నేను మడత పెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడత పెట్టి, "ఏమనుకోకు మరదలా, ఈ చెయ్యి ఊరుకోదు," అనేది. మా పాప చిన్నప్పటి నుంచి వాగుతూనే ఉంటుందని పిచ్చుక అని పేరు పెట్టింది కూడా ఆవిడే. చివరికి స్కూల్లో టీచరు కూడా పిచ్చుకా అనే పిలిచేది. నా కూతురికి నేను పెట్టిన పేరు రిజిస్టరులోనే మిగిలింది.

నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. పదకొండు ఊళ్లలో ఒకటి లైట్‌హౌస్ ఉన్న ఊరు కావాలని. నేను కళ్లద్దాల షాపులో ఫ్రేములకు అద్దాలు బిగిస్తాను. కళ్లు పరీక్ష చేసే గదిలో గోడకు ఒక లైట్‌హౌస్ ఫొటో ఉండేది. ఏడేళ్లుగా రోజూ దాన్ని చూస్తూ పనిచేశాను. దాని పైకెక్కి నిలబడాలని ఒక కోరిక. ఆయన టైమ్‌టేబుల్ తిరగేసి, పదకొండో రోజున దాన్ని ఇరికించాడు.

సాయంత్రం వదిన వచ్చి మంచినీళ్లు తాగుతుంటే ఆయన కదిపాడు. "అక్కా, ఈసారి సెలవులకి నువ్వూ మాతో రావాలి."

ఆవిడ గ్లాసు దించింది. "నన్నా?"

"నిన్నే."

నా వైపు తిరిగింది. "నీకు ఇష్టమేనా మరదలా?"

"మీరు లేకపోతే ఎలా వదినా," అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఆవిడ తన గదిలోకి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. ముక్కు చీదుకుంటున్న చప్పుడు వినిపించింది. మర్నాటికి లాండ్రీ అంతా తెలిసిపోయింది. జీతం రాగానే వెళ్లి బూట్లు కొనుక్కుంది, లేసులున్న తెల్ల గుడ్డ బూట్లు. "ఇరవై రెండేళ్లు రబ్బరు చెప్పుల మీద నిలబడ్డాను. ఇన్నాళ్లకి నడవడానికి వెళ్తున్నా," అంటూ హాల్లో అటూ ఇటూ నడిచి చూపించింది. ఆవిడకు షుగరు ఉంది. పాదాల్లో స్పర్శ బాగా తగ్గిపోయింది. ఒకసారి లాండ్రీలో కాలి మీద వేడినీళ్లు పడితే, పక్కామె కేక వేసేదాకా తనకు తెలియలేదని జోకులా చెప్పేది.

రైలెక్కిన గంటలోపే పెట్టెలో అందరికీ చుట్టమైపోయింది. ఎదుటి సీటు ముసలాయనకు మా ఊరు, మా ఆయన ఉద్యోగం, నా జీతం అన్నీ చెప్పేసింది. "వీడు నా తమ్ముడండీ. మా అమ్మ పోయేటప్పటికి వీడికి పదకొండేళ్లు. బూటు లేసు ముడి వెయ్యడం కూడా నేనే నేర్పా. ఇప్పుడు చూడండి, నన్ను ఊళ్లు తిప్పుతున్నాడు." మా ఆయన టైమ్‌టేబుల్లో తల దూర్చాడు. నేను కిటికీ వైపు తిరిగాను. సిగ్గుతో అనుకునేరు. చిరాకుతో.

మొదటి రెండు రోజులు ఆవిడను మాతో తిప్పాం. తిప్పాం అనడం కంటే లాగాం అనాలి. ప్రతి మలుపులోనూ ఆగేది. కనబడిన ప్రతి అరుగు మీదా కూర్చునేది. మూడో రోజు కొండ మీద కోట ఉన్న ఊరు. స్టేషన్లో క్లోక్ రూమ్ వాడు సంచికి ఇంత అని బోర్డు పెట్టాడు. మా ఆయన ఆ బోర్డు చదివాడు, మా నాలుగు సంచులు చూశాడు, తర్వాత అక్కను చూశాడు.

"అక్కా, ఆ మెట్లు నీవల్ల కాదు. నువ్విక్కడ కూర్చుంటే సామానూ భద్రం. రెండు గంటల్లో వచ్చేస్తాం."

"వెళ్లిరండిరా. నాకేం, ఇక్కడ ఫ్యాను కూడా ఉంది."

"నేను అత్త దగ్గర ఉంటా," అంది పిచ్చుక.

దాని చెయ్యి పట్టి లాక్కెళ్లాను.

వచ్చేసరికి అయిదు గంటలు దాటింది. వెయిటింగ్ రూమ్‌లో ఆవిడ నాలుగు సంచుల మధ్య సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. ఆలస్యం గురించి ఒక్క మాట అనలేదు. రైలెక్కగానే మొదలుపెట్టింది.

"ఇందాక ఒకావిడ పరిగెత్తుకొచ్చిందే పిచ్చుకా. రైల్లో కట్టుడు పళ్లు మర్చిపోయిందట. రైలు వెళ్లిపోయింది, పళ్లు వెళ్లిపోయాయి. స్టేషన్ మాస్టరుకి చెప్పుకోవాలంటే పళ్లు కావాలి. ఆయనేమో 'సరిగ్గా చెప్పండమ్మా, ఏం పోయింది' అంటాడు. ఈవిడ 'పవ్వు, పవ్వు' అంటుంది. ఆయన 'ఓహో, ఆవా' అని, దాన్ని వెతకడానికి మనిషిని పంపాడు."

పిచ్చుక నవ్వీ నవ్వీ ఎక్కిళ్లు పెట్టింది. "నువ్వేం చూశావే కోటలో?" అని అడిగింది వదిన.

"గోడలు," అంది నా కూతురు.

అప్పటి నుంచి అదే అలవాటయింది. ఊరు రాగానే ఆవిడను సామానుతో బెంచీ మీద కూర్చోబెట్టి మేం ముగ్గురం వెళ్లేవాళ్లం. ఒక్కోసారి తినడానికి ఏదైనా కొనిచ్చి వెళ్లేవాళ్లం, ఒక్కోసారి మర్చిపోయేవాళ్లం. మేం మ్యూజియంలూ తోటలూ చూశాం. ఆవిడ వెయిటింగ్ రూములు చూసింది. మా ఆయనకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, "క్లోక్ రూమ్ ఖర్చు కూడా మిగిలింది," అని ఒకరోజు నాతో అన్నాడు. నేను నవ్వాను.

ఎనిమిదో రోజు చెరువు ఒడ్డున ఒక లాడ్జిలో ఉన్నాం. రెండు మంచాలూ, ఒక పరుపూ ఉన్న చిన్న గది. పొద్దున్నే రైల్లో కొండమీది ఊరికి వెళ్లి, సాయంత్రానికి మళ్లీ అదే గదికి రావాలి. వదిన మంచం అంచున కూర్చుంది. ఒక కాలికి బూటు ఉంది. రెండోది చేతిలో పట్టుకుంది.

"ఒరేయ్, ఇవాళ నేను గదిలోనే ఉంటాను. పాదం వాచినట్టుంది, బూటులో పట్టట్లేదు. ఎలాగూ రాత్రికి ఇక్కడికే వస్తారుగా."

మా ఆయన గడియారం చూసుకుంటున్నాడు. "ఎలా కుదురుతుందక్కా. పాసు చెల్లదు."

"ఏం? నేనొక్కదాన్ని లేకపోతే?"

"నలుగురూ ఉండాలి. లేకపోతే జరిమానా వేస్తారు."

"అయితే మీ ముగ్గురికీ ఇవాళ్టికి టికెట్లు కొనుక్కోండి. పోనీ నేనిస్తా," అంటూ దిండు కింద పర్సు కోసం వెతికింది.

"టికెట్లు కొనుక్కునేదైతే నిన్నెందుకు తీసుకొస్తామక్కా?"

ఆయన కోపంగా అనలేదు. రైలుకు ఇంకా ఎన్ని నిమిషాలుందో చూసుకుంటూ, అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు అన్నాడు. పిచ్చుక బ్రెడ్డు నమలడం ఆపేసింది. నేను దానికి జడ వేస్తున్నాను. ఆ క్షణంలో నేను అడ్డుపడవచ్చు. ఏదో ఒకటి అని మాట మార్చవచ్చు, నవ్వులాటకు అన్నారు వదినా అనవచ్చు. మూడు పాయలూ చేతిలో ఉన్నాయి. అల్లుతూనే ఉన్నాను.

"ఓ," అంది వదిన. "అదా," అంది.

తర్వాత చేతిలోని బూటు నేల మీద పెట్టి, లేసు మొత్తం బయటికి లాగేసి, పాదాన్ని లోపలికి తోయడం మొదలుపెట్టింది. మా ఆయన ఆలస్యమవుతోందని మోకాళ్ల మీద కూర్చుని సాయం చేయబోయాడు.

"వద్దండి. నేను వేసుకుంటాను," అంది.

ఆయన వినిపించుకోలేదు. నాకు వినిపించింది.

రైల్లో నా పక్కన కూర్చుంటూ, "కొంచెం జరుగుతారా?" అంది. నా అవతల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. మా ఆయనను "కిటికీ దించుతారా" అని అడిగింది. ఆయన నవ్వాడు. "ఏంటక్కా, కొత్తగా మర్యాదలు?"

"ఏం లేదండి," అంది.

ఒక్క పిచ్చుకను మాత్రం నువ్వు అనేది. ఆ సాయంత్రం మేం కొండ దిగి వచ్చేసరికి వెయిటింగ్ రూమ్ కిటకిటలాడుతోంది. ఏదో పెళ్లివాళ్లు, ఒక ఆటగాళ్ల గుంపు, పంజరంలో చిలకను పెట్టుకున్న ముసలమ్మ. మధ్యలో వదిన ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఇవాళ ఎవరొచ్చారు అత్తా?" అని పిచ్చుక ఆశగా అడిగింది.

"ఎవరూ రాలేదమ్మా."

మా ఆయన రెండు రోజులు ఇబ్బంది పడ్డాడు. నీళ్ల సీసా ముందుగా ఆవిడకే ఇచ్చేవాడు. కిటికీ సీటు వదిలేవాడు. ఆవిడ ప్రతిదానికీ "థాంక్స్ అండి" అనేది. మూడో రోజుకు ఆయనకు అలవాటైపోయింది. "ఒకరకంగా మంచిదే. నోరు తగ్గింది," అన్నాడు నాతో.

పదో రోజు సాయంత్రం దిగిన లాడ్జిలో బాత్రూమ్ వరండా చివర ఉంది. నేను తువ్వాలు పట్టుకుని వెళ్లేసరికి తలుపు సగం తెరిచి ఉంది. వదిన స్టూలు మీద కూర్చుని పాదం మీద మగ్గుతో నీళ్లు పోసుకుంటోంది. ముందు వాసన తగిలింది. పూలజాడీలో నీళ్లు మార్చకపోతే వచ్చే వాసన. తర్వాత పాదం కనిపించింది. బూటు ఒరుసుకున్న చోట పొక్కు చితికి లోతుగా పుండు పడింది. చిటికెన వేలు నల్లగా ఉంది. దాని పక్కవేలు ఊదారంగులో ఉంది. ఎర్రటి గీత ఒకటి చీలమండ దాకా పాకింది.

"వదినా, ఏంటిది?"

"నొప్పి లేదండి. నొప్పి లేదు కాబట్టి చూసుకోలేదు." నా మొహం వైపు చూసింది. "డాక్టరుకి చూపించాలంటారా?"

ఇక్కడ నేను ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మా షాపుకు షుగరు వాళ్లు రోజూ వస్తారు. చూపు మందగించి వస్తారు, వాళ్లలో కొందరు కర్రల మీద వస్తారు. కాలు ఎలా పోయిందో అడక్కపోయినా చెబుతారు. ఎలా మొదలవుతుందో, ఏ రంగుకు తిరుగుతుందో, ఎన్నాళ్లు పడుతుందో కుర్చీలో కూర్చుని నాకు వివరంగా చెప్పినవాళ్లు ఉన్నారు. నల్లబడిన వేలు అంటే ఏమిటో నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి లేదు.

మర్నాడు పదకొండో రోజు. డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడే ఆపేస్తారు. ముగ్గురికి ఆ పాసు చిత్తుకాగితం. నా బ్యాగు లోపలి జేబులో నా సొంత డబ్బు ఉంది. మా అందరికీ ఇంటికి టికెట్లు కొన్నా ఇంకా మిగిలేది.

"పొక్కు చితికింది, అంతే వదినా. ఇంటికెళ్లాక చూపిద్దాం," అన్నాను.

నా సంచిలోంచి పౌడరూ, గుడ్డపట్టీ తెచ్చాను. పుండు మీద పౌడరు చల్లి, నల్లవేలు కనబడకుండా పట్టీ చుట్టాను. చిన్నచిన్న మరలు బిగించే చేతులు నావి. చాలా శుభ్రంగా కట్టాను. ఆవిడ నా చేతులనే చూస్తూ కూర్చుంది.

"ఆయనకి చెప్పకండి. ఊరికే కంగారు పడతారు," అన్నాను.

"చెప్పనండి."

లైట్‌హౌస్ ఉన్న ఊళ్లో స్టేషను నుంచి సముద్రానికి పది నిమిషాలు కూడా పట్టదు. వదినను బెంచీ మీద కూర్చోబెట్టి మేం వెళ్లాం. రెండు వందల పైచిలుకు మెట్లు. పైన గాలి మనిషిని తోసేస్తోంది. దీపం చూసుకునే ముసలాయన నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తానని విని, గాజుపెట్టె తలుపు తీసి, మనిషంత ఎత్తున్న ఆ అద్దాన్ని దగ్గరగా చూపించాడు. ముక్కముక్కలుగా కోసి బిగించిన గాజు. ప్రతి ముక్కలోనూ తలకిందులుగా ఒక చిన్న సముద్రం. పిచ్చుక నా నడుం పట్టుకుని నిలబడింది. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. మేం ముగ్గురమే. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు. ఇప్పటికీ లేదు.

అనుకున్నదానికంటే రెండు గంటలు ఎక్కువ ఉన్నాం.

"ఎలా ఉందండి సముద్రం?" అని అడిగింది వదిన, మేం రాగానే.

"బాగుంది వదినా. మీరు కూడా ఒక్కసారి వచ్చి చూస్తే... రైలుకి ఇంకా టైముంది."

"పర్లేదు లెండి. చప్పుడు ఇక్కడికి వినిపిస్తూనే ఉంది."

పదమూడో రోజు ఇంటికి రైలెక్కేసరికి ఆవిడ ఒళ్లు కాలిపోతోంది. ఎదుటి సీటులో పడుకోబెట్టి, తల మీదుగా దుప్పటి కప్పాం. పళ్లు టకటక కొట్టుకుంటున్న చప్పుడు దుప్పటిలోంచి వినిపించింది. మధ్యాహ్నం టీసీ వచ్చాడు. పాసు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నలుగురని ఉంది. నాలుగో వాళ్లెక్కడ?"

మా ఆయన లేచి, ఆవిడ మొహం మీద దుప్పటి ఎత్తి చూపించాడు. "ఇదిగోండి."

టీసీ వంగి చూశాడు. "ఒంట్లో బాగోలేదా?"

"నిద్రపోతోంది," అన్నాడు మా ఆయన.

వదిన కళ్లు తెరిచింది. "ఉన్నానండి," అంది టీసీతో.

ఆయన పాసుకు చిల్లు కొట్టి ముందుకు వెళ్లాడు. మా ఆయన దుప్పటి మళ్లీ కప్పాడు.

ఆసుపత్రిలో పట్టీ విప్పిన డాక్టరు చిన్న వయసు అమ్మాయి. వెంటనే ఎవరినో పిలిచి, గది సిద్ధం చేయమంది. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఆ పాదాన్ని చూడటం అదే మొదటిసారి.

"ఎప్పుడు చూశారు మీరు దీన్ని?" డాక్టరు నన్నే అడిగింది.

"నిన్న రాత్రి. ఇంటికొచ్చాకే."

"మూడు నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే ఒక్క వేలితో పోయేది. ఇప్పుడు పాదం నిలబెట్టడం కష్టం." వదిన వైపు తిరిగింది. "ఇంత శుభ్రంగా కట్టు ఎవరు కట్టారమ్మా?"

వదిన నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. నర్సు సూదిలోకి మందు ఎక్కించడం పూర్తయింది.

"నేనే కట్టుకున్నానండి," అంది. "నిన్నటిదాకా వీళ్లకి తెలీదు. ముందే చూస్తే చెప్పేవారే."

"చూస్తే ఊరుకుంటామా డాక్టర్," అన్నాడు మా ఆయన. "నన్ను పెంచిన మనిషి."

ఆ సాయంత్రం మోకాలికి జానెడు కింద తీసేశారు.

మూడు వారాలు ఆవిడ ఆసుపత్రిలో ఉంది. లాండ్రీ వాళ్లు వంతులు వేసుకుని కూర్చున్నారు. మేం రోజూ వెళ్లాం. వెళ్లినప్పుడల్లా "రండి" అనేది, వచ్చేటప్పుడు "వెళ్లిరండి" అనేది. మా ఆయన ఇంట్లో ముందుగది ఖాళీ చేశాడు. భోజనాల బల్ల అమ్మేశాడు, గుమ్మం దగ్గర మెట్టు పగలగొట్టి సిమెంటుతో ఏటవాలుగా చేయించాడు. చక్రాల కుర్చీ కొన్నాడు. డిశ్చార్జి రోజు ఆ కుర్చీ తోసుకుంటూ వార్డులోకి వెళ్లాం. మంచం పక్కన అప్పటికే ఒకామె సంచి సర్దుతోంది. లాండ్రీలో మాసిన దుప్పట్లు వేరుచేసే ఆవిడ. చేతులు మోచేతుల దాకా బ్లీచింగుకి తెల్లబడిపోయి ఉన్నాయి.

"అక్కా, ముందుగది సర్దించాను. గాలీ వెలుతురూ బాగా వస్తుంది. పద, టాక్సీ నిలబెట్టాను."

"మీకు శ్రమ ఎందుకండీ. ఈవిడ ఇంటికి వెళ్తున్నాను. అక్కడ మెట్లు లేవు."

"శ్రమేంటక్కా. నలుగురూ ఏమనుకుంటారు, మేం ఉండగా..." అని ఆగిపోయాడు. తర్వాత చాలా చిన్నగా, "నేను నీ తమ్ముణ్ణక్కా," అన్నాడు.

"అవునండి," అంది వదిన.

ఆ కుర్చీలోనే ఆవిడను కూర్చోబెట్టుకుని, దుప్పట్లావిడ తోసుకుంటూ వెళ్లింది. కుర్చీని మర్నాడు ఎవరితోనో తిరిగి పంపించారు, తుడిచి.

మా ఇంట్లో ముగ్గురమే మిగిలాం. నేను పదేళ్లు కోరుకున్న ఇల్లు అది. పిచ్చుక బడి నుంచి వచ్చి ఏం మాట్లాడకుండా అన్నం తినేది. సెలవురోజు పొద్దున్నే తయారై అత్త దగ్గరికి వెళ్లి, చీకటి పడేముందు వచ్చేది. అక్కడేం జరిగిందో అడిగితే, "ఏం లేదు," అనేది. ఒకరోజు మా ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి అడిగాడు.

"డాక్టరు మూడు నాలుగు రోజులంది. అప్పటికి మనం సముద్రం దగ్గరున్నాం. నువ్వేమైనా చూశావా?"

"లేదు," అన్నాను.

బ్లేడు నీళ్లలో కడుక్కుని, గడ్డం గీసుకోవడం పూర్తి చేశాడు. ఆ వారం నుంచి ఉక్కగా ఉందంటూ వెనక గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత చలికాలం వచ్చింది. ఇప్పటికీ అక్కడే పడుకుంటున్నాడు.

ఆ చలికాలం రాకముందే, బడులు తెరిచిన నెలకు, నేను ఒక్కదాన్నే వదినను చూడటానికి వెళ్లాను. దుప్పట్లావిడ ఇల్లు ఒక సందులో, నేలకు సమంగా ఉంది. తలుపు తెరిచే ఉంది. వదిన ఎత్తు కుర్చీలో కూర్చుని, బల్ల మీద చుట్టుపక్కల వాళ్ల బట్టలు ఇస్త్రీ చేస్తోంది. చుట్టూ ముగ్గురు ఆడవాళ్లు. ఒకామె మడత పెడుతోంది, ఒకామె నీళ్లు చిలకరిస్తోంది, ఒకామె ఊరికే కూర్చుంది. వదిన ఏదో చెబుతోంది. "ఆగవే, అసలు సంగతి విను," అంటోంది. వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

నన్ను చూసి నవ్వులు ఆగాయి. వదిన ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"రండి, కూర్చోండి."

కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. బాగున్నారా అంటే బాగున్నానంది. మీ తమ్ముడు అడిగారంటే, అడిగానని చెప్పండి అంది. "పాపను పంపిస్తూ ఉండండి, మీకు అభ్యంతరం లేకపోతే," అంది. చీర అంచు కింద ఒక్క పాదమే కనిపిస్తోంది. దానికి ఎర్రటి ఉన్ని మేజోడు. ఎవరో అల్లింది.

"వదినా, మీతో ఒక మాట చెప్పాలి. ఆ రోజు నేను..."

"పని మీద ఉన్నానండి," అంది, మెత్తగా. "ఈ బట్టలు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఏమీ అనుకోకండి."

టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీ కింద పెట్టి లేచాను. గుమ్మం బయట వంగి చెప్పులు వేసుకుంటుంటే, ఊరికే కూర్చున్న ఆమె గొంతు వినిపించింది.

"ఎవరే ఆవిడ?"

"తెలిసినవాళ్లు," అంది వదిన. "ఆ చొక్కా ఇటివ్వు, పెట్టె చల్లారిపోతోంది."